తామర తొట్టిలో తడి చెత్త

లూదియా ఆ రోజు బండి ఆపింది కానీ బకెట్ అందుకోలేదు.

ఆళ్ళగడ్డలో శిల్పులుండే ఆ వీధికి పొద్దున ఏడింటికల్లా ఆమె చెత్తబండి వస్తుంది. ముందు విజిల్ వినబడుతుంది, వెనకే ఆమె గొంతు. నాగవేణి ఎప్పటిలాగే బకెట్ మోసుకొచ్చి గేటు బయట నిలబడింది. లూదియా అందులోకి ఒకసారి తొంగిచూసి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

“ఇది నేనెత్తను. లోపల పెట్టుకోక్కా.”

“ఏమైంది లూదియా?”

“నువ్వే చూడు. అన్నం, ఎర్రగడ్డ పొట్టు, పాల కవరు, బీడీ ముక్కలు. వాటి మీద ఇన్ని రాళ్ళు! మొన్న మా షెడ్డులో చెత్త కోసే మిషన్ పండ్లు రెండు ఇరిగిపాయ. రాళ్ళు యాడ్నుంచి వచ్చినాయబ్బా అని అందరూ నా మొగం చూస్తాండారు. తడి చెత్త వేరే, పొడి చెత్త వేరే, రాళ్ళు వేరే. అట్లయితేనే ఎత్తుతా.”

బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. నాగవేణి బకెట్‌తో అక్కడే నిలబడిపోయింది. లూదియా మాటలో తప్పేమీ లేదు. ఆ రాళ్ళు ఎవరు వేశారో కూడా నాగవేణికి తెలుసు.

నాగవేణిది గోస్పాడు దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. ఆరేళ్ళ కిందట శిల్పి ప్రతాప్‌ను పెళ్ళి చేసుకుని ఆళ్ళగడ్డకు వచ్చింది. ఇంటి ముందే రేకుల షెడ్డు, అందులో పని. ప్రతాప్, అతని తండ్రి తిరుపాలు, నలుగురు పనివాళ్ళు పొద్దుటినుంచీ రాళ్ళు చెక్కుతారు. ఆరుగురికీ మధ్యాహ్నం అన్నం నాగవేణే వండుతుంది. తిరుపాలు భార్య పోయి చాలా ఏళ్ళయింది. పన్నెండో ఏట ఉలి పట్టినవాడు, ఇప్పుడు అరవై ఏడు. ఆయన చెక్కిన అమ్మవార్లకు ఎన్ని ఊళ్ళలో పూజలు జరుగుతున్నాయో ఆయనకే లెక్క తెలియదు. కానీ కూర్చున్న చోట పోగైన రాతి పలుకులను చీపురుతో ఊడ్చి, చేతికి ఏది దగ్గరగా ఉంటే దాంట్లో పోయడం ఆయన అలవాటు.

నాగవేణి ఆ రోజే మూడు బకెట్లు పెట్టింది. పచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు, పాత పెయింటు డబ్బా రాళ్ళకు. మామకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. సాయంత్రం చూస్తే పచ్చ బకెట్‌లో సగానికి రాతి పలుకులు.

“మామా, అది తడి చెత్త బకెట్టు!”

“తడిసిందే కదమ్మా ఏసినా. నీళ్ళు పోసి కోసిన రాయి అది.”

పనివాళ్ళు నవ్వు దాచుకోవడానికి గ్రైండర్లు వేశారు. నాగవేణి ఆ బకెట్ తీసుకెళ్ళి మామ పని చేసుకునే చోటికి రెండడుగుల దూరంలో పెట్టింది. లూదియా మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు ఎండకు ఆ బకెట్ నుంచి వచ్చిన వాసనకు తిరుపాలు ఉలి కింద పెట్టి లేచాడు.

“పాపా, ఆ పెయింటు డబ్బా యాడ పెట్టినావ్?” అన్నాడు, గోడవైపు చూస్తూ.

అట్లా ఆ ఇంట్లో రాళ్ళు వేరయ్యాయి. బీడీ ముక్కలు వేరు కావడానికి మరో వారం పట్టింది.

చెత్త వేరుచేయడం మొదలుపెట్టాకే నాగవేణికి ఒక సంగతి తెలిసింది. ఏడుగురు తినే ఇంట్లో తడి చెత్త ఎంత వస్తుందో! ఉర్లగడ్డ తొక్కలు, పాడైన టమాటాలు, అరటి తొక్కలు, టీపొడి, ఆకుకూరల కాడలు. రోజూ పచ్చ బకెట్ నిండిపోతోంది. పుట్టింట్లో అయితే ఇదంతా దిబ్బలోకి పోయేది, ఏడాది తిరిగేసరికి చేనుకు ఎరువయ్యేది. ఇక్కడ దిబ్బకు చోటేదీ? ఇంటి వెనక ఉన్నది పది అడుగుల జాగా. అందులోనూ సగం తామర తొట్టి ఆక్రమించింది.

ఆ తొట్టి కథ ఇంట్లో ఎవరూ ఎత్తరు. రెండేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, తన తోటలో తామరలు పెంచుకోవడానికి పెద్ద రాతి తొట్టి కావాలని అడిగాడు. తిరుపాలు ఒక్కడే మూడు నెలలు చెక్కాడు. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, చుట్టూ విచ్చుకున్న రేకులు. ఆఖరి వారంలో అంచు దగ్గర ఒక రేకు మీద దెబ్బ పడగానే జానెడు పగులు సర్రున కిందికి దిగింది. ఆ పెద్దమనిషి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. తొట్టిని నలుగురు కలిసి ఇంటి వెనక్కి దొర్లించి రాతి దిమ్మెల మీద పెట్టారు. అప్పటినుంచి తిరుపాలు చిన్న బొమ్మలే చేస్తున్నాడు. పెద్ద రాయి వస్తే “ప్రతాప్ చూసుకుంటాడులే” అంటాడు.

ఒక మధ్యాహ్నం నాగవేణి పచ్చ బకెట్ తీసుకెళ్ళి ఆ తొట్టిలో కుమ్మరించింది. మరుసటి రోజూ అంతే. నాలుగో రోజు తిరుపాలు కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి వచ్చి చూశాడు. రాతి రేకుల మధ్య వంకాయ ముచ్చికలు, కుళ్ళిన టమాటాలు.

ఆయన అరవలేదు. కోడలి మొహంలోకి చూసి, “మూడు నెలలు చెక్కినానమ్మా దాన్ని,” అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి ఆమెతో మాటలు మానేశాడు. అన్నం పెడితే తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్ళిపోయాడు.

చెత్త తీసేద్దామా అనుకుంది నాగవేణి. తీసేస్తే మళ్ళీ ఆ తొట్టి ఖాళీగా, ఎవరికీ అక్కర్లేనిదై పడి ఉంటుంది. అది మటుకు మంచిదా? ప్రతాప్‌ను అడిగితే, “మీ ఇద్దరి నడుమ నన్ను ఏసుకోవద్దు” అని గ్రైండర్ ఆన్ చేశాడు.

ఇంతలో తొట్టే ఆమె మీద తిరగబడింది. పదో రోజుకు అడుగున నల్లటి నీళ్ళు ఊరాయి. ఈగలు ముసిరాయి. అవుకు నుంచి ఆంజనేయస్వామి విగ్రహం చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ముక్కుకు తువాళ్ళు అడ్డం పెట్టుకుని బేరమాడారు. వాళ్ళు వెళ్ళాక తిరుపాలు కోడలితో మళ్ళీ నోరు విప్పాడు.

“దేవుని బొమ్మలు చెక్కే చోట ఏంది పాపా ఈ కంపు? రేపటికల్లా అది ఖాళీ కావాల.”

నాగవేణి వాళ్ళమ్మకు ఫోన్ చేసింది. గోస్పాడు దగ్గరి ఊళ్ళో ఉన్న ఆ తల్లి పేరు రామసుబ్బమ్మ. సంగతంతా విని ఆమె నవ్వింది.

“ఓసి పిచ్చిదానా, రాతి గిన్నెలో కూరాకు మూసిపెడితే కుళ్ళక ఏమైతాది? నీళ్ళు పోయే దావ ఉండాలి కదా. గాలి పోవాల. వట్టి పచ్చిదే పోస్తాండావా? ఒక వరస పచ్చిది, రెండు వరసలు ఎండాకు. పైన ఇంత పేడనీళ్ళు. నీకు నేను చెప్పాల్నా ఇది? దిబ్బ పక్కనే కదే పెరిగినావ్!”

మరుసటి రోజు ప్రతాప్ బ్లేడ్లు తేవడానికి నంద్యాల వెళ్ళాడు. తిరుపాలు టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళాడు. నాగవేణి చెత్తంతా గంపలోకి ఎత్తిపోసి, తొట్టి కడిగి, డ్రిల్లింగ్ మిషన్ తెచ్చుకుంది. పనివాళ్ళు “వద్దక్కా, పెద్దాయన చంపుతాడు” అంటూనే వైరు అందించారు. మిషన్ ఆమె చేతుల్లో చేపలా ఎగిరింది. మొదటి బొక్క పడాల్సిన చోటికి నాలుగు వేళ్ళ పక్కన పడింది. రెండోది ఏటవాలుగా దిగింది. మూడో చోట పెట్టి నొక్కబోతుండగా వెనకనుంచి కేక వినబడింది.

“ఆపు! ఆపమ్మా!”

తిరుపాలు అంత వేగంగా నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వచ్చి మిషన్ లాక్కున్నాడు. ఆయన చూసింది ఆమెను కాదు, తొట్టిని. వంగి, బొటనవేలితో ఆ రాతిని తడిమాడు.

“ఈడ పొడిచి ఉంటే తొట్టి రెండు చెక్కలయ్యేది. ఆ పగులు ఈ దావనే పోతాండాది, కనపడలా? రాయికి నరం ఉంటాది పాపా. నరం చూడకుండా మిషన్ పెడితే ఎట్ల?” తర్వాత ఆమె వేసిన రెండు బొక్కల వైపు చూసి మొహం చిట్లించాడు. “ఇవేంది? ఎలుకలు కొరికినట్ల!”

“నీళ్ళు పోతే చాలని…”

“నీళ్ళు పోతే చాలా? నా తొట్టికి ఇట్లాంటి బొక్కలా?”

మధ్యాహ్నమంతా ఆయన ఇంటి వెనకే ఉన్నాడు. పగుల్ని వదిలి, అడుగు చుట్టూ సమంగా పన్నెండు చోట్ల గుర్తులు పెట్టాడు. మిషన్‌తో సన్నగా తొలిచి, ఉలితో ఒక్కో బొక్క చుట్టూ చిన్న రేకు ఆకారం తీశాడు. నాగవేణి వేసిన వంకర బొక్కలు రెండింటినీ కూడా మొగ్గల్లా మార్చేశాడు. అన్నానికి పిలిస్తే “ఆ, వస్తాండా” అంటూ నాలుగింటికి వచ్చాడు.

వీధిలో రాలిన వేపాకంతా లూదియా రోజూ ఊడ్చి కుప్ప పెడుతుంది. ఒక సంచి అడిగితే మూడు సంచులు ఇచ్చింది. ఒక వరస పచ్చిది, రెండు వరసలు వేపాకు, పేడనీళ్ళు. రెండు మూడు రోజుల్లో కంపు పోయింది. ఈగలు పోయాయి. వారం తర్వాత ఒక పొద్దున తిరుపాలు పళ్ళు తోముకుంటూ తొట్టి దగ్గర ఆగాడు. కర్రతో పైపొర కదిపితే లోపలినుంచి ఆవిరి లేచింది. భయపడి చెయ్యి పెట్టి చూశాడు.

“పాపా! ఇది కాగుతాండాది! కింద మంట ఏమైనా పెట్టినావా?”

“మంట ఏంది మామా, అది మగ్గుతాంది. ఎరువు అయ్యేటప్పుడు అట్లనే వేడి పుడతాది.”

“పొయ్యి లేకుండా ఉడుకుతాండాదే!” అన్నాడు. బ్రష్ నోట్లోనే మర్చిపోయి ఇంకో చోట కదిపి చూశాడు. అక్కడా ఆవిరే.

ఆ రోజునుంచి తొట్టిని కలియబెట్టడం ఆయన పనైపోయింది. ఎవరికీ అప్పగించడు. ఒక పనివాడు గుట్కా ప్యాకెట్ పచ్చ బకెట్‌లో వేస్తే, అందరి ముందూ వాడితోనే తీయించి, కడిగించి, నీలం బకెట్‌లో వేయించాడు. లూదియా వస్తే గేటు దాకా వెళ్ళి బకెట్లు తానే చూపించేవాడు. “చూసుకో తల్లీ, ఒక్క రాయి ఉంటే నన్నడుగు.” లూదియా నిజంగానే చేయి పెట్టి వెతికేది. ఏదీ దొరకకపోతే, “పెద్దాయనా, నిన్ను మా షెడ్డులో మేస్త్రీగా పెట్టుకోవాల” అనేది.

మూడు నెలలకు తొట్టిలో నల్లటి, పొడిపొడి ఎరువు తయారైంది. వాన పడిన నేల వాసన వేసింది. లూదియాకు గులాబీ కుండీల కోసం ఒక సంచి ఇచ్చారు. మిగిలింది గోడవారగా పోసి నాగవేణి చిక్కుడు, బీర పెట్టింది.

బీరతీగ షెడ్డు రేకుల మీదికి పాకే వేళకు నంద్యాల నుంచి కమలాక్షమ్మ వచ్చింది. హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరైన ఆమె ఇప్పుడు ఇరవై నాలుగు ఇళ్ళున్న ఒక అపార్టుమెంటుకు ప్రెసిడెంటు. గేటు దగ్గర పెట్టుకోవడానికి వినాయకుడి విగ్రహం కావాలని అడిగింది. బేరం కుదిరింది. చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి వెళ్ళిన మనిషి ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే తొట్టి చుట్టూ తిరుగుతోంది.

“ఇదేమిటమ్మా? వాసనే లేదు!”

నాగవేణి చెప్పింది. కమలాక్షమ్మ కళ్ళజోడు సర్దుకుని చేత్తో ఎరువు తీసి చూసింది.

“మా అపార్టుమెంటులో దీని గురించి ఎనిమిది మీటింగులు పెట్టాం. ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చాం. వాటిని చూస్తే చాలు, ఎవరికి వాళ్ళు చెత్తకుండీ అనుకుని అన్నీ అందులోనే పడేస్తున్నారు. ఇట్లాంటిది గేటు పక్కన ఉంటే పాల కవరు వెయ్యడానికి చెయ్యి రాదు.” తిరుపాలు వైపు తిరిగింది. “పెద్దాయనా, వినాయకుడితో పాటు ఇలాంటిది మాకొకటి చేసిపెట్టండి.”

తిరుపాలు మొహం ఎర్రబడింది.

“అమ్మా, యాభై ఐదేండ్లుగా దేవుండ్లను చెక్కినోన్ని. వినాయకుణ్ణి, చెత్తకుండీని ఒకే చేత్తో చెయ్యమంటావా?”

“నేను చెత్తకుండీ అడగలేదు. మీ కోడలు చేసింది అడిగాను,” అంది కమలాక్షమ్మ. అడ్రసు కాగితం మీద రాసి, ఆలోచించుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

నాగవేణి బతిమాలలేదు. ఆయన అవమానపడ్డాడనే అనుకుంది. మధ్యాహ్నం చిక్కుడుకాయలు కోస్తుంటే తిరుపాలు వచ్చి తొట్టి అంచు మీద కూర్చున్నాడు. చేత్తో ఆ పగులును పైనుంచి కిందికి తడిమాడు.

“ఆ పొద్దు ఇది ఎందుకు పగిలిందో తెల్సా పాపా?”

“రాతిలో లోపం అనుకున్నాం కదా మామా.”

“అందరికీ అట్లనే చెప్పినా. రాయిది ఏం తప్పు లేదు. నరం చూడకుండా తొందరపడి కొట్టినా. కండ్లు సరిగా అగుపళ్ళా. చెప్పుకోను సిగ్గేసింది.” పగులు మీంచి చెయ్యి తీశాడు. “అప్పట్నుంచి పెద్ద రాయి చూస్తే చెయ్యి వణుకుతాది. అది చెత్తకుండీ అని కాదమ్మా నేను వద్దనింది.”

నాగవేణి ఒళ్ళోని చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

“ఆ పొద్దు నేను మూడో బొక్క పెట్టబోతే నరం యాడుందో దూరం నుంచే చూసినావు కదా మామా. నీ కండ్లకు ఏమైంది? కావాలంటే నంద్యాలలో అద్దాలు చేయించుకుందాం.”

తిరుపాలు ఆమెవైపు చూశాడు. తర్వాత లేచి, షెడ్డు వైపు తిరిగి కేక వేశాడు. “ప్రతాప్! రాళ్ళు తోలే అన్వర్‌కు ఫోన్ చెయ్. పెద్ద రాయి ఒకటి కావాల. నేనే వచ్చి ఏరుకుంటా.”

అద్దాలు వచ్చాయి, రాయి వచ్చింది. ఆ వెనకే ఇంట్లో తగువులూ వచ్చాయి. నాగవేణి ఒక తొట్టి చాలదంది. ఒకటి నిండి మగ్గుతుంటే రెండోదాంట్లో పోయాలని, మధ్యలో గోడ పెట్టి రెండు అరలు చెయ్యమని పట్టుబట్టింది. తిరుపాలు అట్లా చేస్తే తామర రూపం పోతుందన్నాడు. బొగ్గుతో షెడ్డు గోడంతా గీసి గీసి చివరికి ఒకే తామర కాడకు రెండు పువ్వులు పూసినట్టు తీశాడు. వానకు మూత ఉండాలని ఆమె అంటే, అంత బరువు మూత ఆడవాళ్ళు ఎత్తలేరని ఆయన. “ఆడోళ్ళే ఎందుకు ఎత్తాల? మొగోళ్ళకు చేతులు లేవా?” అంది. రేకు మూతతో రాజీ కుదిరింది. నాలుగు నెలలు పట్టింది. ఒక్కో దెబ్బకు ముందు ఆయన రాతిని తడిమి చూసేవాడు. ఎక్కడా పగల్లేదు.

అన్వర్ రాళ్ళు తోలే బండిలో వినాయకుణ్ణీ, జంట తామరల తొట్టినీ ఎక్కించుకుని మామాకోడళ్ళు నంద్యాల చేరేసరికి అపార్టుమెంటు జనమంతా కిందికి దిగివచ్చారు. గొలుసులు కట్టి దించారు. వినాయకుడికి దండం పెట్టుకున్నవాళ్ళు పొరపాటున తొట్టికి కూడా దండం పెట్టబోతే తిరుపాలు ఆపాడు.

“దానికి దండం వద్దు తల్లీ. వంటింటి చెత్త ఎయ్యండి చాలు.”

తర్వాత ఎవరూ అడక్కుండానే మెట్టెక్కి నిలబడి మొదలుపెట్టాడు. “ఒక వరస పచ్చిది, రెండు వరసలు ఎండాకు. పేడనీళ్ళు చల్లాల. వారానికోసారి కలియబెట్టాల. కవర్లు వద్దు, బీడీలు వద్దు, రాళ్ళు అసలే వద్దు. కాగినట్ల ఆవిరి వస్తే బెదురుకోవద్దండప్పా, మంట కాదు, అది మగ్గుతాండాది.” రెండో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి ఏదో సందేహం అడిగితే, “మా కోడల్ని అడుగు, ఈ విద్య నాకు నేర్పిచ్చింది ఆయమ్మే” అన్నాడు. నాగవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్వర్ బండి వెనక్కి వెళ్ళి నిలబడింది. నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి మరి.

కమలాక్షమ్మ ఇరవై నాలుగు ఇళ్ళ పేర్లూ చదివి, ఎవరెవరు ఏ వారం కలియబెట్టాలో చెప్పింది. మొదటి వారం తన పేరే రాసుకుంది.

తిరిగి వస్తూ శిరివెళ్ళ దగ్గర టీకి ఆగారు. రోడ్డు పక్కన మిరప చేలమీద పొద్దు వాలుతోంది. అన్వర్ టీ తాగి కాగితం కప్పు నలిపి రోడ్డు మీదికి విసరబోయాడు. తిరుపాలు అతని మణికట్టు పట్టుకున్నాడు.

“ఏం నాయనా,” అని టీకొట్టాయన్ను అడిగాడు, “పొడి చెత్త యాడ ఎయ్యాల?”

టీకొట్టాయన అయోమయంగా చూసి, “యాడో ఒకసాట ఎయ్యి పెద్దాయనా, గాలికి అదే పోతాది” అన్నాడు.

తిరుపాలు మూడు కప్పులూ ఒకదాంట్లో ఒకటి దూర్చి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొత్త కళ్ళద్దాల పక్కన అవి ఉబ్బెత్తుగా నిలబడ్డాయి. అన్వర్ బండిలోకెక్కి, నవ్వాపుకోలేక స్టీరింగు మీద తల పెట్టేశాడు.

“నవ్వు, నవ్వు,” అన్నాడు తిరుపాలు బండెక్కుతూ. “బేగా పోనీయప్పా. రేపు పొద్దున ఏడింటికి లూదియా వస్తాది.”